డెల్కో మీద చెయ్యి

మా ఆయన చెయ్యి ఎలా ఉందని నన్ను అడగనివాళ్ళు ఈ గల్ఫ్ ఊరు అల్ ఐన్‌లోని మన తెలుగువాళ్ళలో ఎవరూ మిగల్లేదు. కూరగాయల కొట్లో అడుగుతారు, హాస్పిటల్ లిఫ్టులో అడుగుతారు, ముఖపరిచయం కూడా లేని మనిషి బస్టాపులో పక్కన కూర్చుని అడుగుతుంది. "దేవుడు ముట్టాడంట కదా సిస్టర్" అంటారు. ఒళ్ళు మండిపోతుంది నాకు. తల ఊపి వచ్చేస్తాను. నోరు విప్పానంటే ఆపడం నా వల్ల కాదు. ఆ సంగతి నాకు తెలుసు, మా ఆయనకి ఇంకా బాగా తెలుసు.

ఇక్కడ మాత్రం విప్పుతాను.

నా పేరు హెప్సీ. మాది నరసాపురం పక్కన. ఇక్కడ ఒక పెద్ద హాస్పిటల్లో నర్సుని. మా ఆయన పేరు ఎజ్రా. గ్యారేజీలన్నీ ఉండే సనయ్య పేటలో మెకానిక్. మాకు పిల్లలు లేరు. ఆయనకి ముందు దేవుడు, తర్వాత తన చేతులు, ఆ తర్వాత నేను. ఆ వరస నాకెప్పుడూ తప్పనిపించలేదు. పెళ్ళయిన కొత్తలోనే ఒప్పేసుకున్నాను.

భీమవరంలో అంబాసిడర్ టాక్సీల కింద పడుకుని పని నేర్చుకున్నాడాయన. ఆ కార్లలో కంప్యూటర్లు ఉండేవి కావు. ఇంజన్ దగ్గర నల్లటి మూతతో బుడ్డి లాంటిది ఒకటి ఉండేది, దాని నెత్తి మీంచి తీగలు పాకేవి. ఏ సిలిండర్‌కి ఏ క్షణాన నిప్పురవ్వ అందాలో పంచిపెట్టేది అదే. పుస్తకాల్లో దాని పేరు డిస్ట్రిబ్యూటర్. ఇక్కడ అరబ్బులు, పఠాన్లు, మనవాళ్ళు, అంతా డెల్కో అంటారు. దాన్ని ఒక పక్కకి తిప్పితే నిప్పురవ్వ ముందుగా పడుతుంది, రెండో పక్కకి తిప్పితే ఆలస్యంగా పడుతుంది. ఇంజన్ నడుస్తుండగానే దాని బోల్టు వదులు చేసి, కుడిచేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని, తల కొంచెం పక్కకి వంచి వెంట్రుకవాసి తిప్పేవాడు మా ఆయన. శబ్దం కుదిరిన చోట ఆగేవాడు. లైటు పెట్టి చూసేవాళ్ళు చూసుకుంటారు, ఈయనకి చెవీ చెయ్యీ చాలు. "ఇంజన్ ఊపిరి తీసుకుంటాదే, అది ఇనాలి" అనేవాడు. సనయ్యలో పాత పెట్రోలు బండి ఏది మొరాయించినా ఎజ్రాని పిలవండి అనేవాళ్ళు.

ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది.

ముందు నేనే చూశాను. టీవీ ముందు కూర్చుని ఉండగా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దేన్నో నలుపుతున్నట్టు వాటంతటవే కదులుతున్నాయి. ఆయనకి ఆ ధ్యాసే లేదు. ఆ కదలికని వార్డులో ఎంతమంది చేతుల్లో చూశానో. డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను. పార్కిన్సన్స్ అన్నాడు, మాత్రలు రాశాడు. పూర్తిగా తగ్గేది కాదు, అదుపులో పెట్టుకోవాలి, మాత్ర మాత్రం మానకూడదు అని మరీ మరీ చెప్పాడు. మాత్ర వేసుకున్నాక కొన్ని గంటలు చెయ్యి కుదురుగా ఉండేది. ఆ గంటల్లోనే పని ముగించుకుని వచ్చేవాడు. గ్యారేజీలో నూర్ మొహమ్మద్‌కి తప్ప ఎవరికీ తెలియదు. అతను పెషావర్ మనిషి. మా ఆయన పక్కనే పని చేస్తాడు, ఉస్తాద్ అని పిలుస్తాడు. తెలిసినా ఏనాడూ నోరు జారలేదు.

అలాగే నడిచిపోయి ఉంటే ఏ గొడవా లేదు. అక్టోబరులో మా తెలుగు సహవాసంలో స్వస్థత ప్రార్థన పెట్టారు. మా సంఘ పెద్ద దయారత్నం అన్నయ్యగారు మంచి మనిషి. ఆయన మీద నాకు కోపం లేదు. ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది. ఆయన మా ఆయన చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశారు. అందరూ చేతులెత్తి ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కళ్ళు తెరిచేసరికి చెయ్యి కుదురుగా ఉంది. మా ఆయన దాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి, మైకు అందుకుని సాక్ష్యం చెప్పాడు.

"యేసయ్య నా చెయ్యి ముట్టాడు. ఇక నాకు మందు అక్కర్లేదు."

చప్పట్లు, స్తోత్రాలు. మావాళ్ళలో సాక్ష్యం మామూలు మాట కాదు. సంఘం ముందు పలికాక దాన్ని వెనక్కి తీసుకోవడమంటే దేవుణ్ణే అబద్ధికుణ్ణి చెయ్యడం. మా ఆయన అంత మాట అంటాడని నేను కలలో కూడా అనుకోలేదు. బస్సెక్కి కూర్చోగానే అడిగేశాను.

"ఏవండీ, బయల్దేరే ముందు మాత్రేసుకున్నారు కదా. నేనే ఇచ్చాను. చెయ్యి నిలబడింది దానివల్లేనండి."

ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"నీకు విశ్వాసం లేదు హెప్సీ. దేవుడు చేసిందాన్ని మాత్ర చేసిందంటావేంటే."

"మాత్ర కూడా ఆయనిచ్చిందే కదండీ."

"అయితే నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమా?"

అంతలో మా స్టాపు వచ్చింది.

మర్నాటి నుంచి మాత్ర ముట్టలేదు. అరిచాను, ఏడ్చాను, డాక్టరు చేత ఫోను చేయించాను. ఒక్కసారిగా మానేస్తే మనిషి బిగుసుకుపోతాడండీ అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఉహూ, మొండికేశాడు. ఒక పూట మాత్రని పొడి చేసి పెరుగన్నంలో కలిపేద్దామని గరిట చేతిలోకి తీసుకున్నాను కూడా. మళ్ళీ పెట్టేశాను. మనిషికి తెలియకుండా మందు పెట్టడం నా చేతకాలేదు. చెయ్యి ముందుకన్నా ఎక్కువ వణికింది. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు. "ఇది శోధన. సైతాను నా సాక్ష్యాన్ని ఎత్తుకుపోవాలని చూస్తన్నాడు" అనేవాడు. గ్యారేజీలో చేతికి పని తగలకుండా ఏదో ఒకటి చెప్పి నూర్ మొహమ్మదే నెట్టుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడే అర్బాబ్ బండి వచ్చింది. అర్బాబ్ అంటే ఆ గ్యారేజీ కఫీల్, అంటే మా ఆయనకి వీసా ఇచ్చిన యజమాని, ఊరి బయట ఖర్జూరం తోటలున్న పెద్దాయన. పాత కార్లంటే ప్రాణం. ఈ బండిని హాట్ రాడ్ అంటారట. మా తాతలనాటి అమెరికా కారు. పైకప్పు కోసి కిందకి దించేసి, బానెట్ పీకేసి, ఎనిమిది సిలిండర్ల పాత ఇంజన్ ఒకటి అందులో కూర్చోబెట్టారు. పొగగొట్టాలు కూడా బయటికే. సగం తిని వదిలేసిన చేపలా ఉందని నేనంటే మా ఆయనకి కోపం వచ్చింది. డిసెంబరులో జాతీయ దినోత్సవం ఊరేగింపుకి ఆ బండి తీయాలని అర్బాబ్ కోరిక. దాని డెల్కో అరిగిపోయింది, ఇంజన్ తడబడుతోంది.

అర్బాబ్ రెండు పెట్టెలు తెప్పించి మా ఆయన ముందు పెట్టాడు. ఒకదాంట్లో పాత రకం డెల్కో, పాయింట్లది. లోపల రెండు చిన్న ఇనప మొనలు విడిపోతూ కలుస్తూ ఉంటాయి. వాటి మధ్య సందు చేత్తోనే కుదర్చాలి. నడిచేకొద్దీ అరుగుతాయి, అరిగేకొద్దీ మళ్ళీ మళ్ళీ కుదర్చాలి. రెండో పెట్టెలోది ఎలక్ట్రానిక్. అందులో అరిగే మొనలు లేవు. లైటు పెట్టి ఒక్కసారి తిప్పి బిగిస్తే ఇక దాని జోలికి పోనక్కర్లేదు. ఆ పని ఎవరైనా చెయ్యగలరు.

"ఎజ్రా, నువ్వు చెప్పు. నువ్వు ఏదంటే అది. ఖలాస్" అన్నాడట అర్బాబ్.

ఇంటికొచ్చి మా ఆయన అన్నం సగంలో వదిలేసి అదే చెప్పాడు. ఆయన కళ్ళల్లో మెరుపు చూసి నాకు భయం వేసింది. మర్నాడు నాకు ఆఫ్. క్యారేజీ పట్టుకుని గ్యారేజీకి వెళ్ళాను. బల్ల మీద రెండు పెట్టెలూ పక్కపక్కనే ఉన్నాయి. మా ఆయన వాటి ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కుడిచెయ్యి జేబులోనే ఉంది.

నూర్ మొహమ్మద్ నన్ను చూడగానే దగ్గరికొచ్చాడు. "భాభీ, మీరైనా చెప్పండి. ఎలక్ట్రానిక్ పెడితే ఖలాస్. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుని హుకుం ఇస్తే చాలు, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాడు హిందీలో, గొంతు తగ్గించి.

మా ఆయనకి వినపడనే వినపడింది. "ఈ ఎండలకి ఎలక్ట్రానిక్ ఏం ఆగుద్ది? లోపల ముక్క మాడిందంటే ఎడార్లో బండి పడుంటాది. పాయింట్లయితే ఏముంది, కాగితం ముక్కతో గీకి స్టార్ట్ చేసేత్తాను."

ఆ మాటలో తప్పు లేదు. ఆయన చెప్పే కారణాలెప్పుడూ సబబుగానే ఉంటాయి, అదే నా తలనొప్పి.

"వచ్చేది చలికాలం కదండీ. ఎండ గోల నాకు చెప్పకండి. ఏదీ, చెయ్యి బయటికి తియ్యండి."

తియ్యలేదు. పెట్టెల వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"నాకు బాగయ్యింది హెప్సీ. బాగయినోడు బాగయినోడి పని చెయ్యాలి. ఆ రెండో పెట్టె తీశాననుకో, ఏంటి దానర్థం? దేవుడు నన్ను బాగు చెయ్యలేదని నేనే ఒప్పేసుకున్నట్టు."

"పోనీ పాయింట్లదే పెట్టండి. మాత్రేసుకుని పెట్టండి."

"మాత్రేసుకుంటే అది ఆయన చేసింది ఎలాగవుద్దే?"

ఆ పెట్టెలో డెల్కో కాదు, మా ఆయన దేవుడు ఉన్నాడు. ఆయన ఎడమచేత్తో మొదటి పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. దాని మీది టేపు గోటికి చిక్కలేదు. ఎంతసేపు గీకినా చిక్కలేదు. నూర్ మొహమ్మద్ పానా వెతుక్కుంటున్నట్టు అటు తిరిగిపోయాడు. టేపు నేను పీకి ఇచ్చాను.

సందు కుదర్చడం మాత్రం ఆయనే చేశాడు. డెల్కోని బల్లకున్న బిగింపులో పెట్టి, రెండు మోచేతులూ బల్లకి అదిమి, మణికట్టుని ఇనుముకి ఆనించి, పల్చటి రేకు ఆ మొనల మధ్య దూర్చి చూసి మరను బిగించాడు. బిగించేటప్పుడు మొన జరిగిపోయింది. మళ్ళీ వదులు చేశాడు. మళ్ళీ జరిగింది. మధ్యాహ్నమంతా అదే. క్యారేజీ తెరవలేదు. పొద్దువాలే వేళకి కుదిరింది. తల ఎత్తి నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నేను కూడా నమ్మేశాను. నా చదువు, నా వార్డు, నేను చూసిన రోగులు, అన్నీ మర్చిపోయి నమ్మేశాను. మనిషి అంతలా ఆశపడుతుంటే పక్కనున్నవాళ్ళకి అంటుకోకుండా ఎలా ఉంటుంది?

శనివారం ఉదయం ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. అర్బాబ్ తన స్నేహితులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. దయారత్నం అన్నయ్యగారు కూడా వచ్చారు. మా ఆయనే పిలిచాడు.

"ఆయన్నెందుకండీ పిలవడం?" అన్నాను చెవిలో.

"చూడాలి కదే" అన్నాడు.

అన్నయ్యగారు బండి పక్కన నిలబడి తెలుగులో ప్రార్థన చేశారు. అర్బాబ్‌కి ఒక్క ముక్క అర్థం కాకపోయినా అది అయ్యేదాకా చేతులు కట్టుకుని మర్యాదగా ఆగాడు. తర్వాత "యల్లా" అన్నాడు. నూర్ మొహమ్మద్ తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి, తడబడి, అందుకుంది. అన్నయ్యగారు కళ్ళు తెరవలేదు, చేతులెత్తి ఇంకా ప్రార్థిస్తూనే ఉన్నారు.

మా ఆయన ఎడమచేత్తో బోల్టు వదులు చేశాడు. కుడిచెయ్యి జేబులోంచి తీసి డెల్కో పట్టుకున్నాడు.

ఇంజన్ వణకడం మొదలుపెట్టింది.

వేగం పెరిగింది, తగ్గింది, పెరిగింది, తగ్గింది, ఆయన చెయ్యి ఎలా ఆడుతోందో అచ్చం అలాగే. ఇన్నాళ్ళూ జేబులో దాచుకున్న వణుకు పొగగొట్టాలన్నిటిలోంచి బయటికొచ్చి సనయ్య వీధంతా వినపడుతోంది. ఎదురు షాపువాళ్ళు పని ఆపి చూస్తున్నారు. అర్బాబ్ ముఖం చిట్లించాడు. "డెల్కో ఖరాబా?" అని నూర్ మొహమ్మద్‌ని అడిగాడు.

మా ఆయన ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని తల పక్కకి వంచి వింటున్నాడు. ఆయన చెవికి ఏం తెలియాలో అంతా తెలిసిపోతోంది. పెదవులు కదులుతున్నాయి. ఇరవై ఏళ్ళు కాపురం చేసినదాన్ని, ఆ పెదవులు ఏమంటున్నాయో నాకు వినపడక్కర్లేదు. ఆపు తండ్రీ, ఆపు తండ్రీ. గట్టిగా పట్టుకునేకొద్దీ ఇంకా వణికింది. మూసుకున్న రెప్పల కిందనుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడానికి రెండో చెయ్యి కూడా ఖాళీగా లేదు, దాంతో ఈ చేతిని పట్టుకున్నాడు. రెండూ కలిసి వణికాయి.

చూడలేకపోయాను. వెళ్ళి నా చెయ్యి ఆయన చేతుల మీద వేసి అదిమాను. సూది గుచ్చేటప్పుడు రోగి చెయ్యి ఎలా పట్టుకుంటానో అలా పట్టుకున్నాను. శబ్దం నిలబడింది. ఆయన ఎడమచెయ్యి తీసేసి నా అరచేతి కింద కుడిచేత్తో వెంట్రుకవాసి తిప్పాడు, ఇంకొంచెం తిప్పాడు, ఆగాడు. అప్పుడు విన్నాను నేను, ఇన్నేళ్ళూ ఆయన చెప్పిన ఆ ఊపిరి. అంత పెద్ద ఇంజనూ మెత్తగా, సమంగా ఊపిరి తీసుకుంటోంది.

ఆయన కళ్ళు తెరిచి చూశాడు. ముందు డెల్కోని, తర్వాత నా చేతిని. నా చేతి కిందనుంచి తన చెయ్యి మెల్లగా లాక్కున్నాడు. డెల్కో మీద నా చెయ్యొక్కటే మిగిలింది. శబ్దంలో ఏ తేడా రాలేదు. నూర్ మొహమ్మద్ వచ్చి బోల్టు బిగించాడు.

"దేవునికి స్తోత్రం" అన్నారు దయారత్నం అన్నయ్యగారు, అప్పుడే కళ్ళు తెరిచి. ఆయన ముఖమంతా తడిసిపోయి ఉంది. "వణికి వణికి నిలబడింది, విన్నాను బ్రదర్. దేవుడు మీ సాక్ష్యాన్ని నిలబెట్టాడు. రేపు సంఘంలో మళ్ళీ చెప్పాలి మీరు."

"మాషాల్లా ఎజ్రా, నీ చెయ్యి బంగారం" అన్నాడు అర్బాబ్. స్నేహితులకి బండి చూపించడానికి అటు తిరిగాడు.

మా ఆయన గుడ్డ తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"ఆపింది నువ్వు కదే" అన్నాడు.

"నాదేముందండీ. ఆయనే నా చేత ఆపించాడు." మాకు నోటికి వచ్చే మాట అదే. ఆలోచించకుండా అనేశాను.

"కాదు హెప్సీ. బతిమాలాను. ఇంజన్ మోగుతుంటే దాని పక్కనే నిలబడి బతిమాలాను. ఆయన రాలేదు. నువ్వొచ్చావు." గుడ్డ బల్ల మీద పెట్టాడు. "రావాల్సింది నువ్వు కాదే."

నా మీద ఎన్నోసార్లు అరిచాడు, అలిగాడు, నెలలో సగం రోజులు మాట్లాడకుండా ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ఏదీ నన్ను ఇంతలా కొట్టలేదు. పైగా ఆ మాట కోపంగా అనలేదు. నా మీద జాలిపడుతున్నట్టు అన్నాడు.

బండి దగ్గరికెళ్ళి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. "నూర్ మొహమ్మద్, ఇది ఊడదీసెయ్. ఆ రెండో పెట్టె తెరువ్" అన్నాడు హిందీలో.

"ఇప్పుడు బాగా నడుస్తోంది కదా ఉస్తాద్."

"ఇప్పుడు నడుస్తుంది. రేపు పాయింట్లు అరిగాక ఎవరు పట్టుకుంటారు? మీ భాభీకి హాస్పిటల్ ఉంది."

ఎలక్ట్రానిక్ డెల్కో పెట్టుకుని అర్బాబ్ బండి జాతీయ దినోత్సవం ఊరేగింపులో జెండాలు కట్టుకుని తిరిగింది. ఒక్కసారి కూడా తడబడలేదని నూర్ మొహమ్మద్ ఫోను చేసి చెప్పాడు. మా ఆయన ఊరేగింపుకి వెళ్ళలేదు. ఇంజన్ స్టార్ట్ చేసిన మర్నాడు సంఘానికీ వెళ్ళలేదు, ఆ తర్వాత ఏ ఆదివారమూ వెళ్ళలేదు. అన్నయ్యగారు రెండుమూడుసార్లు ఇంటికొచ్చారు. టీ తాగి, వాతావరణం గురించి మాట్లాడుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు మా ఆయన గ్యారేజీలో స్టూలు మీద కూర్చుంటాడు. ఏ బండి ఎక్కడ విప్పాలో నూర్ మొహమ్మద్‌కి నోటితో చెబుతాడు.

మాత్రలు మళ్ళీ మొదలుపెట్టాడు. అడగక్కర్లేదు, వేళకి తనే చెయ్యి చాపుతాడు. అందుకే బజార్లో కనిపించినప్పుడు ఆయన చెయ్యి కుదురుగా ఉంటుంది. అది చూసిన తెలుగువాళ్ళు నన్ను ఆపి, దేవుడు ముట్టాడంట కదా అని అడుగుతున్నారు. తల ఊపి వచ్చేస్తున్నాను.

ఇదివరకు గ్లాసుడు మంచినీళ్ళు తాగాలన్నా కళ్ళు మూసుకుని స్తుతించేవాడు. ఇప్పుడు మాత్ర నోట్లో వేసుకుని, కళ్ళు తెరిచే మింగుతాడు. ఆయన బదులు నేను మూసుకుంటాను. తెరిచేసరికి గ్లాసు కింద పెట్టి నన్నే చూస్తుంటాడు.

"ఏం అడిగావే?" అంటాడు.

మీ చెయ్యి బాగవ్వాలని అడగడం ఎప్పుడో మానేశాను. మీరు మళ్ళీ దేవుణ్ణి ఏదో ఒకటి అడగాలని అడుగుతున్నాను. ఆ మాట ఆయనతో అనే ధైర్యం లేదు. ఏమీ లేదండీ అని గ్లాసు తీసుకెళ్ళి కడుగుతాను.